ఆబోహవా: మన మకాన్ల తారీఖు

తెలుగులో తారీఖు అంటే తేదీ. ఉర్దూలో అదే లఫ్జ్‌కు చరిత్ర అనే అర్థం కూడా ఉంది. బాద్షాలకే కాదు, మకాన్లకూ తారీఖు ఉంటుంది. గోడకు వేసిన రంగుకూ ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కొత్త ఇళ్ల దావత్‌లకు పోయినప్పుడల్లా ఈ తారీఖు రాయాలని అనిపించేది. హిందువుల ఇళ్లలోనే కాదు, మనవాళ్ల షోకేసుల్లో కూడా ఇప్పుడు పొట్ట ఊపుతూ నవ్వే బుద్ధుడు కనిపిస్తున్నాడు. దర్వాజకు గాలిగంటలు వేలాడుతున్నాయి. టీవీ పక్కన నోట్లో నాణెం కరచుకున్న మూడు కాళ్ల కప్ప. అడిగితే, ‘ఫెంగ్ షుయి భాయ్, ఇంట్లో బర్కత్ ఉంటదట’ అంటారు. బర్కత్ మన లఫ్జే. కప్ప మాత్రం చైనాది. ఈ రెండూ ఒకే అల్మారాలోకి ఎట్లా చేరాయి?

ఫెంగ్ అంటే చైనా భాషలో గాలి. షుయి అంటే నీళ్లు. మనం వాతావరణాన్ని ‘ఆబోహవా’ అంటాం కదా. ఆబ్ అంటే నీళ్లు, హవా అంటే గాలి. అచ్చంగా అదే మాట, వరుస మాత్రమే తారుమారు. ‘ఆ ఊరి నీళ్లు పడలేదు’ అని మన ముసలివాళ్లు అనేదీ ఇదే. మనిషికి చోటు పడాలి అన్న ఖయాల్ ఏ ఒక్క ఖౌమ్ సొత్తూ కాదు.

చైనాలో ఈ ఇల్మ్ పాత కితాబులు మాట్లాడింది బతికున్నవాళ్ల ఇళ్ల గురించి కంటే ఖబర్ల గురించే ఎక్కువ. గువో పు (276-324) పేరు మీద చెలామణి అయ్యే ‘జాంగ్ షు’ అంటే ఖననాల కితాబు అనే అర్థం. పెద్దల ఖబర్ మంచి చోట ఉంటే ఔలాద్‌కు మేలు జరుగుతుందని వాళ్ల నమ్మకం. ఆ చోటు వెతకడానికే అయస్కాంతపు సూదిని వాడారు. సముద్రం మీద ఓడలను నడపక ముందే ఆ సూది నేల మీద ఖబర్లకూ ఇళ్లకూ దిక్కులు చూసింది. 1088 ప్రాంతంలో షెన్ కువో అనే చైనా ఆలిమ్ ఆ సూది సరిగ్గా దక్షిణాన్ని కాక కొంచెం పక్కకు చూపిస్తుందని కూడా రాసిపెట్టాడు.

అక్కడినుంచి ఆ సూది మన దగ్గరికి వచ్చిన దారి దిల్‌చస్ప్‌గా ఉంటుంది. దిల్లీలో ఇల్తుత్మిష్ సుల్తాన్‌గా ఉన్న రోజుల్లో, 1232 ప్రాంతంలో, ముహమ్మద్ ఔఫీ ఫార్సీలో ‘జవామి ఉల్ హికాయాత్’ అనే కథల సంపుటం రాశాడు. అయస్కాంతంతో రుద్దిన ఇనుప చేపను నీళ్లలో వదిలితే అది దిక్కు చూపిందన్న ముచ్చట అందులో ఉంది. ముస్లిం దునియాలో ఖుత్బ్‌నుమా గురించి దొరికే తొలి రాతల్లో అదొకటి. తరవాత అదే శతాబ్దం చివర యెమెన్ సుల్తాన్ అల్ అష్రఫ్ ఆ సూదితో ఖిబ్లా ఎట్లా కనుక్కోవాలో రాశాడు. చైనాలో ఖబర్ దిక్కు చూసిన సూది అరబ్బు నేల మీద నమాజు దిక్కు చూపింది.

మన ఇళ్ల అసలు నక్షా గీసింది ఈ ఖిబ్లానే. జగిత్యాల నుంచి మక్కా సూటిగా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరానికి సుమారు పదకొండు డిగ్రీలు జరిగి ఉంటుంది. మనకు ఇంట్లో ఈ దిక్కు తెలియాలి. మరుగుదొడ్డిలో కూర్చుంటే ముఖం గానీ వీపు గానీ ఖిబ్లా వైపు ఉండకూడదు. అందుకని పాత మేస్త్రులు మన ఇళ్లలో దాన్ని ఉత్తర దక్షిణాలకు పెట్టేవాళ్లు. పడుకునేటప్పుడు కాళ్లు పడమరకు చాపనివ్వరు. ఖబర్‌లో మయ్యత్ తలను ఉత్తరానికి పెట్టి, కుడి పక్కకు తిప్పి, ముఖం ఖిబ్లాకు చేస్తాం. పక్కింటి పద్మశాలీ పెద్దమ్మ ఉత్తరానికి తల పెట్టి పడుకోవద్దని మనుమలను కసురుకుంటుంది. ఆమె లెక్కలోనూ అది చచ్చినవాళ్ల దిక్కే. కారణాలు వేరు. ఒకే గల్లీలో, ఒకే నేల మీద ఆ దిక్కు మాత్రం రెండు ఇళ్లలోనూ ఒకటే.

ఇక హిక్మత్ సంగతి. యునానీ తిబ్‌లో అర్కాన్ నాలుగు: నిప్పు, గాలి, నీరు, మట్టి. వాస్తులో వీటికి ఆకాశం కలిసి అయిదు. చైనావాళ్లవీ అయిదే: కట్టె, నిప్పు, మట్టి, లోహం, నీరు. వాటికి వరుసగా ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు రంగులు. ఇబ్నె సీనా (980-1037) తన ‘అల్ ఖానూన్’లో ఇల్లు కట్టే చోటు గురించి విడిగా రాశాడు. నేల ఎట్లాంటిది, నీళ్లు ఎట్లాంటివి, ఏ వైపు గాలి వీస్తుంది అని చూడమన్నాడు. దర్వాజలు, కిటికీలు తూర్పు, ఉత్తరాలకు తెరవమన్నాడు. పొద్దున గాలి లోపలికి రావాలి, ఎండ ఇల్లంతా తిరగాలి. బుఖారా హకీమ్ చెప్పిందీ, మన ఊరి వాస్తు పంతులు చెప్పేదీ ఇక్కడ ఒకటే. ఇద్దరికీ ఉస్తాద్ సూర్యుడే.

జగిత్యాల ఖిలా చూడండి. 1747 నాటిదంటారు. జఫరుద్దౌలా ఇబ్రాహీం ఖాన్ ధంసా పేరు దానితో ముడిపడి ఉంది. జాక్, టాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారనీ, వాళ్ల పేర్ల మీదే ఊరికి పేరు వచ్చిందనీ జనం చెప్పుకునే కహానీ. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం. ఆ కోణాలు ఏ గ్రహాన్నీ ఖుష్ చేయడానికి పెట్టినవి కావు. ఒక బురుజు కింద దుష్మన్ నక్కితే పక్క బురుజు నుంచి తోపుకు కనబడాలి, అదీ లెక్క. ప్రతి ఆకారం వెనుకా ఒక జరూరత్ ఉంటుంది. ఆ జరూరత్ మర్చిపోయాకే ఆకారం ఒక్కటే మిగిలి భయపెడుతుంది.

మన పాత దేవ్‌డీలనూ ఇట్లాగే చదవాలి. ఫాటక్ దాటగానే ఎదురుగా ఒక అడ్డుగోడ ఉండేది. పక్కకు తిరిగితేగానీ సహన్, అంటే లోపలి వాకిలి, కనిపించేది కాదు. జనానాకు పరదా కోసం ఆ గోడ. చైనాలోని పాత ఇళ్లలోనూ గుమ్మం ఎదురుగా అచ్చం ఇట్లాంటి గోడే ఉంటుంది. దయ్యాలు సూటిగా నడుస్తాయి, మలుపు తిరగలేవు అని వాళ్లంటారు. వాళ్లు దయ్యాన్ని ఆపారు, మనం బజారు చూపును ఆపాం. గోడ మాత్రం దుమ్మునూ వడగాలినీ ఇద్దరికీ ఆపింది. సహన్ మధ్యలో హౌజు, చుట్టూ దాలాన్, పైన గూన పెంకలు. మన ఊళ్ల హిందువుల భవంతి ఇల్లూ ఇదే పోలిక. వేడిగాలి సహన్ నుంచి పైకి లేస్తుంది, దాలాన్ నీడలోని చల్లగాలి దాని చోటుకు వస్తుంది. సిరిసిల్లలో ఇంటి నక్షాకు మగ్గమే కేంద్రం. గుంత మగ్గానికి నేల చెమ్మ కావాలి, లేకుంటే పోగు తెగుతుంది. బట్ట మీద పడేట్టు వెలుతురు కావాలి. ముందు మగ్గానికి జాగా చూసి, తరవాతే పొయ్యికి చూసేవాళ్లు. సాంచెలు వచ్చాక చప్పుడు వచ్చింది, సుకూన్‌కు జాగా తగ్గింది.

రంగుల ముచ్చటకు వద్దాం. మా చిన్నతనంలో ఇంటికి ఒకటే రంగు, సున్నం. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో వేస్తే కుతకుత ఉడికేది. అంటుకోవడానికి కొంచెం గంజి, తెలుపు మెరవడానికి చిటికెడు నీలిమందు. గోడకెక్కిన సున్నం గాలిని పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. దాని ఘాటుకు పురుగులు, బూజు దగ్గరికి రావు. చెమ్మను లోపల బంధించదు. రంజాన్‌కు ముందు మా ఇళ్లకు, దసరాకు ముందు వాళ్ల ఇళ్లకు సున్నం పడేది. 2005లో రంజాన్ నెలలోనే దసరా వచ్చింది. ఆ ఏడు సున్నం వేసేవాళ్ల కోసం రెండు వాడలూ పోటీ పడ్డాయి.

గోడ ఒకటే రంగులో ఉన్నా, జబాన్ మీద మాత్రం వందల రంగులు ఉండేవి. ఆస్మానీ అంటే ఆకాశం రంగు. ధానీ అంటే లేత వరిమడి రంగు. ఫాఖ్తయీ పావురం రంగు, సుర్మయీ సుర్మా రంగు. అంగూరీ, పిస్తయీ, బాదామీ, జాఫ్రానీ... అమ్మీ దుపట్టా కొనడానికి పోతే ఈ పేర్లన్నీ బజాజ్ ముందు పరుచుకునేవి. ‘ఆకుపచ్చ’ అని ఊరుకుంటే ఆమెకు నచ్చేది కాదు, ఏ ఆకు అని అడిగేది. వీటిలో చాలా పేర్లు తెలుగులోనూ స్థిరపడ్డాయి. ఊదా, గులాబీ, ఖాక్ అనే దుమ్ములో పుట్టిన ఖాకీ. 2001లో తెలంగాణ కోసం లేచిన పార్టీ జెండా రంగు పేరు ‘గులాబీ’ కూడా ఫార్సీ బాగ్ నుంచి వచ్చిందే.

అందుకే రంగులను మజహబ్‌లకు పంచిపెట్టడం చూస్తే అఫ్సోస్ అవుతుంది. ఇప్పుడు పచ్చ గోడ అంటే ముస్లిం ఇల్లు, కాషాయం అంటే హిందువు ఇల్లు. కిరాయికి ఇచ్చే ఇల్లయితే పచ్చ వద్దు, ‘పార్టీ దొరకదు’ అని మనవాళ్లే పెయింటర్‌కు చెప్తున్నారు. తారీఖు చూడండి. 1724 నుంచి 1948 దాకా దక్కన్‌ను ఏలిన ఆసఫ్‌జాహీల జెండా పసుపు పచ్చ. పసుపు రాసిన గడప రంగే అది. జాఫ్రానీ, కేసరీ అనే మాటలు మనవే, చిష్తీ ఫకీర్ల గేరువా గుడ్డలూ మనవే. మన ఊళ్లల్లో పీర్ల పండుగకు హసన్ పీరుకు పచ్చ, హుసేన్ పీరుకు ఎర్ర దట్టీలు కట్టి, ఎత్తుకుని నడిచేవాళ్లలో హిందువులు ఎంతోమంది. వేములవాడ రాజన్న గుడి ఆవరణలోనే ఒక దర్గా ఉంది. కోడె మొక్కు తీర్చుకున్న చేతులే అక్కడా మొక్కాయి. ఆ చేతులు ఏ రంగునూ అడగలేదు.

1973 తరవాత చమురు ధర పెరిగింది, గల్ఫ్ తలుపులు తెరుచుకున్నాయి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి ఇంటికొకరు దుబాయ్, సౌదీ, మస్కట్, కువైట్ పోయారు. రియాల్ వచ్చింది, గూన పెంకలు పోయి స్లాబు వచ్చింది. సహన్ జాగాలో హాలు వచ్చింది. సున్నం పోయి డిస్టెంపర్, ఆయిల్ పెయింట్ వచ్చాయి. 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గీసిన ఏషియన్ పెయింట్స్ గట్టూ పిల్లగాడు బ్రష్ పట్టుకుని మన గల్లీల్లోకీ దిగాడు. రంగు ముచ్చట తీరింది, కానీ దానితో ఒక అసలైన ఖతరా కూడా వచ్చింది. పాత ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా మెరిసే పసుపు, నారింజ, పచ్చ రంగుల్లో, సీసం ఉండేది. పిల్లల మెదడుకు అది జహర్. 2017 నవంబర్ నుంచి మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదనే నియమం అమలయింది. అంతకుముందు వేసిన దర్వాజలను గీకేటప్పుడు పొడిగా గీకకండి. తడిపి గీకండి, పిల్లలను దూరం పెట్టండి. రంగులో ‘దోషం’ అంటూ ఉంటే ఇదే.

1990ల తరవాత వాస్తు భయం ఊరూరా ఇట్లాగే దిగింది. దాని వెనకే ఫెంగ్ షుయి సామాను. కరీంనగర్ గుట్టలను కోసి తీసిన గ్రానైట్ రాళ్లు ఓడలెక్కి చైనా పోయాయి. చైనా నుంచి అచ్చులో పోసిన కప్పలు, గంటలు మన బజార్లకు వచ్చాయి. గుట్ట ఇచ్చి కప్పను తెచ్చుకున్న తిజారత్ ఇది. చైనాలోనే 1966 తరవాత సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఫెంగ్ షుయిని మూఢనమ్మకమని అణచివేశారు. మన దగ్గరికి అది ‘సైన్స్’ అనే లేబుల్‌తో వచ్చింది.

కోరుట్లలో మా ఖాలా కథ ఇందులో భాగమే. కొడుకు రియాద్‌లో డ్రైవర్. ఇల్లు కట్టి ఏడాది కాకముందే ఖాలాకు షుగర్ బయటపడింది. ఎవరో ఒక కన్సల్టెంట్ వచ్చి సూది పెట్టి చూసి, ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉంది, అందుకే బీమారీ అన్నాడు. పగలగొట్టి వేరే మూలకు మార్చారు. మార్చిన దాంట్లో కూర్చుంటే ముఖం సరిగ్గా ఖిబ్లాకు. ఖాలా అందులో అడుగు పెట్టనన్నది. మళ్లీ పగలగొట్టారు. రెండుసార్ల ఖర్చు కోసం కొడుకు ఇంకో వీసా కాలం అక్కడే ఉండిపోయాడు. ‘దీవార్ తోడే బేటా, షుగర్ తో వైసీచ్ హై’ అన్నది ఖాలా నాతో. గోడ పగిలింది, షుగర్ అట్లాగే ఉంది. రెండోసారి వచ్చిన ముసలి మేస్త్రి మాత్రం మొదట్లోనే కిటికీ పెద్దది చేసి ఉంటే సరిపోయేది అన్నాడు. ఈశాన్యం మూల చీకటిగా, చెమ్మగా ఉందన్నది నిజమే. దానికి మందు గాలి.

శకునాలను, అంటే తియరాను, మన దీన్ ఒప్పుకోదని జుమ్మా బయాన్‌లో వింటూనే ఉంటాం. విశాలమైన ఇల్లూ మంచి పొరుగూ ఖుష్‌నసీబీ అని హదీసు చెప్తుంది. నేను దిక్కులు చూడొద్దు అనడం లేదు. తూర్పు కిటికీ తెరవండి. వంటింటి పొగకు దారి ఇవ్వండి. ఎండ పడే గోడకు లేత రంగు వేయండి, చీకటి గదికి సున్నం తెలుపు వేయండి. మీకు అంగూరీ నచ్చితే అంగూరీ, కేసరీ నచ్చితే కేసరీ వేసుకోండి, పార్టీ దొరకదని భయపడకండి. పాత పెద్దలు వాస్తు, హిక్మత్, ఆబోహవా అని ఎన్ని పేర్లు పెట్టినా పనికొచ్చే మాటలు ఈ నాలుగే.

ఇంతకుమించి ఎవరన్నా గోడ పగలగొట్టమంటే, ఆ ఖర్చును రూపాయల్లో లెక్కేయకండి. మీ పిల్లవాడు ఇంటికి రాకుండా ఎడారిలో ఉండాల్సిన నెలల్లో లెక్కేయండి.