లొంగని బాకా

యంత్రంతో వాద్యాలని అనుకరించే చరిత్రలో చాలాకాలం మొండికేసినవి ఇత్తడి వాద్యాలే: ట్రంపెట్, ట్రాంబోన్, మన మాటల్లో బాకాలు. ఎందుకలా అని తవ్వుకుంటూ పోతే, నాదగుణం అంటే ఏమిటన్న మన పాత ఊహకే ఎసరొచ్చింది.

ఆ ఊహకి పెద్దదిక్కు హెల్మ్‌హోల్ట్జ్. 1863లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన చెప్పినదాని సారం ఇది: ఏ స్వరంలోనైనా మూల పౌనఃపున్యంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు ఉన్న అనుస్వరాలు కలిసి ఉంటాయి. వాటి పాళ్ళని బట్టే వాద్యం గొంతు. అంటే ఒక వంటకం లెక్క. 1935లో వచ్చిన హామండ్ ఆర్గన్ ఈ లెక్కనే చెక్కపెట్టెలో పెట్టింది. డ్రాబార్లు లాగి ఏ దినుసు ఎంతో కలుపుకోవడమే. అందులోంచి గొప్ప సంగీతం వచ్చింది కానీ, నా చెవికి బాకా మాత్రం రాలేదు.

1964లో జాన్-క్లోడ్ రిస్సే అనే ఫ్రెంచి యువకుడు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కి వెళ్ళాడు. భౌతికశాస్త్రవేత్త, స్వరకర్త కూడా. ట్రంపెట్ స్వరాలని రికార్డు చేసి, కంప్యూటర్‌తో ముక్కలు చేసి చూశాడు. తేలిందేమిటంటే, ఆ పాళ్ళు అసలు నిలకడగా ఉండవు! స్వరం మొదలయ్యేటప్పుడు కింది అనుస్వరాలు ముందొస్తాయి, పైవి కాస్త వెనక. గట్టిగా ఊదేకొద్దీ పైవాటి వాటా పెరుగుతుంది. ఇత్తడితనం ఉన్నది పాళ్ళలో కాదు, బలాన్ని బట్టి అవి మారే తీరులో.

ఇక్కడినుంచి కథ స్టాన్‌ఫర్డ్‌కి పోతుంది. జాన్ చౌనింగ్ 1967లో స్వరాన్ని కంపింపజేసే వేగాన్ని బాగా పెంచి చూస్తుంటే కొత్త నాదాలు పుట్టుకొచ్చాయి. అదే ఎఫ్ఎమ్ సింథసిస్. కొన్నేళ్ళకి రిస్సే ట్రంపెట్ గుర్తొచ్చి, మాడ్యులేషన్ మోతాదుని స్వరం బలానికి కట్టేశాడు. ఒక్క అంకెని పెంచితే చాలు, పై అనుస్వరాలు వాటంతటవే విచ్చుకున్నాయి. ఇంజినీరుగా నాకు ఈ పొదుపు చూస్తే ఇప్పటికీ అసూయే. యమహా లైసెన్సు తీసుకుంది. 1983లో వచ్చిన డీఎక్స్7లో మొట్టమొదటి రెడీమేడ్ నాదం పేరు ‘బ్రాస్ 1’.

అసలు గొట్టంలో ఏం జరుగుతోందన్నది మరో ముచ్చట. గట్టిగా ఊదినప్పుడు ఒత్తిడి తరంగపు శిఖరం దాని లోయకన్నా వేగంగా పరిగెడుతుంది. పొడవాటి సన్నని గొట్టంలో పోయేకొద్దీ తరంగం ముఖం నిటారుగా మారుతుంది. ట్రాంబోన్‌లో అది షాక్ తరంగం దాకా పోతుందని 1996లో కొలిచి చూపించారు. ఫ్లూగెల్‌హార్న్ గొట్టం త్వరగా వెడల్పవుతుంది కాబట్టి దాని గొంతు మెత్తన.

అందుకే పెళ్ళి ఊరేగింపు బండి మీది కీబోర్డులో ట్రంపెట్ నొక్కి వాల్యూమ్ తగ్గిస్తే, మెల్లగా ఊదుతున్న ట్రంపెట్ వినపడదు. గట్టిగా ఊదుతున్నదే దూరం నుంచి వినపడుతుంది. ఖరీదైన శాంప్లర్లు ఒకే స్వరాన్ని నాలుగైదు బలాల్లో రికార్డు చేసి దాచుకుంటాయి, కాస్త నయం. కానీ కీని కొట్టిన క్షణంలోనే బలం తేలిపోతుంది. ఊపిరి అలా కాదు, స్వరం మధ్యలో కూడా మనసు మార్చుకోగలదు. డీఎక్స్7 చేసినవాళ్ళకి ఇది తెలుసు. పెదాల మధ్య పెట్టుకుని ఊదే ఒక చిన్న పరికరాన్ని తగిలించడానికి దానికి ప్రత్యేకంగా ఒక సాకెట్ పెట్టారు.