సభలో ప్రశ్నకు వెల కట్టినప్పుడు

1951 నాటికి దేశంలో తొలి సాధారణ ఎన్నికలే జరగలేదు. తాత్కాలిక పార్లమెంటు నడుస్తోంది. అందులో సభ్యుడైన హెచ్.జి. ముద్గల్, బొంబాయి బులియన్ వర్తకుల సంఘం దగ్గర డబ్బు పుచ్చుకుని వాళ్లకు పనికొచ్చే ప్రశ్నలు సభలో వేస్తున్నాడని ఆరోపణ వచ్చింది. ముద్గల్ కాంగ్రెస్ వాడే. అయినా విచారణ జరగాలని తీర్మానం పెట్టింది స్వయంగా నెహ్రూయే. ఐదుగురితో వేసిన సంఘానికి టి.టి. కృష్ణమాచారి అధ్యక్షుడు. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి అందులో సభ్యురాలు. ఆరోపణ నిజమని సంఘం తేల్చింది. బహిష్కరణ తీర్మానం చర్చలో ఉండగానే ముద్గల్ రాజీనామా చేసి తప్పుకోబోయాడు. సభ ఊరుకోలేదు. అతను బహిష్కరణకు తగినవాడేనని, ఆ రాజీనామా లేఖ కూడా సభాధిక్కారమేనని రికార్డు చేసింది.

సొంత పార్టీ వాడినే నిలదీయడం ఆ తరం వేసిన గట్టి పునాది.

ఆరేళ్లు తిరిగేసరికి ఆ కృష్ణమాచారే బోనులో నిలబడాల్సి వచ్చింది. అప్పటికి ఆయన ఆర్థికమంత్రి. జీవిత బీమాను జాతీయం చేసి కొత్తగా ఏర్పరచిన ఎల్ఐసీ, హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాలను సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు పోసి కొన్నది. పాలసీదారుల సొమ్ము అలా ఎందుకు పెట్టారని 1957 డిసెంబరులో లోక్‌సభలో నిలదీసిన ఫిరోజ్ గాంధీ అధికార పక్షం సభ్యుడే, పైగా ప్రధానికి అల్లుడు. జస్టిస్ ఎం.సి. చాగ్లా బొంబాయిలో బహిరంగ విచారణ జరిపారు. తన శాఖ కార్యదర్శి చేసిన పనికి మంత్రే బాధ్యుడని ఆయన తేల్చి చెప్పారు. 1958 ఫిబ్రవరిలో కృష్ణమాచారి పదవి వదులుకున్నారు.

ఫిరోజ్ చేసిన మరో మేలు గురించి జనం తక్కువగా చెప్పుకుంటారు. సభ్యుడు సభలో ఏం మాట్లాడినా కేసు ఉండదు గానీ, ఆ మాటల్నే అచ్చు వేసిన పత్రికకు అప్పట్లో ఆ రక్షణ లేదు. ఆయన ప్రైవేటు బిల్లు పెట్టి 1956లో పత్రికలకు ఆ రక్షణ సాధించారు. ఎమర్జెన్సీలో ఆ చట్టాన్ని రద్దు చేశారు. 1977లో అది తిరిగి వచ్చింది, మరుసటి ఏడాది 44వ సవరణతో రాజ్యాంగంలోకే ఎక్కింది. సభలో అడిగిన ప్రశ్న ఊళ్లకు చేరకపోతే ఏ మంత్రికీ భయం ఉండదు.

ప్రభుత్వాన్ని నిలదీసే మరో దారి, ఖర్చుల లెక్కలు చూసే ప్రజా పద్దుల సంఘం. అది 1921 నుంచే ఉన్నా, బ్రిటిష్ కాలంలో దాని అధ్యక్షుడు ప్రభుత్వ ఆర్థిక సభ్యుడే. ప్రతిపక్షం వారికి ఆ కుర్చీ అప్పగించే ఆనవాయితీ 1967లో మొదలైంది.

ఆ తర్వాత తడబాటు వచ్చింది. 1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం 14 ఓట్ల తేడాతో అవిశ్వాసం నుంచి బయటపడింది. కొందరు సభ్యులు లంచం తీసుకుని ఓటేశారని కేసు నడిచింది. పి.వి.ని ప్రత్యేక న్యాయస్థానం 2000లో దోషిగా తేల్చినా, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. కానీ అంతకు ముందే, 1998లో, సుప్రీంకోర్టు 3-2 తీర్పు ఒకటి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. లంచం పుచ్చుకుని ఓటేసిన సభ్యుడికి రాజ్యాంగ రక్షణ ఉందని, పుచ్చుకుని కూడా ఓటేయని వాడికి లేదని అన్నది. మాట తప్పినవాడికి శిక్ష, మాట నిలబెట్టుకున్నవాడికి రక్ష! న్యాయం ఇంతగా తలకిందులు కావడం అరుదు.

2005లో రహస్య కెమెరాలకు చిక్కి, ప్రశ్నలకు డబ్బు తీసుకున్న 11 మంది సభ్యత్వం పోయింది. ఆ బహిష్కరణ చెల్లుతుందని 2007లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఓటుకు లంచం విషయంలో మాత్రం 1998 తీర్పు మరో పదిహేడేళ్లు అలాగే నిలిచింది. 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. ఓటు ఎటు వేసినా, అసలు వేయకపోయినా, లంచం అందుకున్న క్షణానే నేరం పూర్తయినట్టేనని చెప్పింది.