వ్యాసపరీక్ష: భాషను కొలుచుటయా, భావమును కొలుచుటయా?

విద్యార్థి వ్రాసిన వ్యాసమును దిద్దు ఉపాధ్యాయుడు ముందుగా చూడవలసినది పదరూపములనా, ఆలోచనలోని పొందికనా? నూరేండ్లకు పూర్వమే ఈ ప్రశ్న తెలుగునాట గొప్ప వివాదమునకు కారణమైనది.

అప్పటి తెలుగు జిల్లాలలోని కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయమునకు లోబడియుండెను. ఇంటర్మీడియట్ తరగతిలో దేశభాషా వ్యాసరచన పరీక్షాంశము కాగా, విద్యార్థి ఏ తెలుగున వ్రాయవలెనను సమస్య తలయెత్తెను. ఇంటను బడిలోను "వచ్చారు" అని పలుకు బాలుడు కాగితముపై "వచ్చిరి" అని వ్రాయవలసియుండెను. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమే ప్రమాణము. అరసున్నలు, శకటరేఫములు, ద్రుతసంధులు తప్పకుండ చూచుకొనుటలో విషయమును తర్కించుటకు తీరిక యెక్కడిది?

1907 ప్రాంతమున పాఠశాలల తనిఖీ అధికారియైన జె.ఏ. యేట్సు దొర ఈ లోపమును గుర్తించెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, విజయనగరమున గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణపు ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు తోడైరి. గిడుగువారి పద్ధతి ఉపాధ్యాయునికి తగినట్టిది. వ్యాకరణమును విధించు పండితుల రచనలనే పరీక్షించి, వారును ఆ నియమములను నిలుపుకొనలేకున్నారని ఉదాహరణములతో చూపిరి. గురువునకే సాధ్యము కానిదానిని శిష్యుని యందు దోషముగా లెక్కించుట న్యాయమా?

ప్రతిపక్షమువారి భయమును తీసివేయదగినది కాదు. 1911లో నెలకొన్న ఆంధ్రసాహిత్య పరిషత్తునకు ప్రాపకులైన జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు, జిల్లాకొక వాడుకను అంగీకరించినచో భాష ముక్కలగునని, పూర్వకావ్యములు మన బిడ్డలకు దూరమగునని వాదించిరి. దిద్దువారికి అందరికిని ఒక్కటే కొలత యుండవలదా యనుట వారి ప్రశ్న.

విశ్వవిద్యాలయము నియమించిన వ్యాసరచనా సంఘమున గురజాడవారు సభ్యులు. అధికసంఖ్యాకుల మతముతో ఏకీభవింపక, 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. మృతరూపముల భారము విద్యార్థి వ్యక్తీకరణకు అడ్డమని అందు వాదించిరి. ఆధునిక భాషలో పరీక్ష వ్రాయుటకు నడుమ లభించిన వెసులుబాటు నిలువలేదు. 1915 నవంబరు 30న గురజాడవారు ఫలితము చూడకయే కన్నుమూసిరి. గిడుగువారు మాత్రము పట్టు విడువలేదు. 1919లో ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు కందుకూరి వీరేశలింగము పంతులుగారంతటివారు అధ్యక్షులైరి. కాలక్రమమున పాఠ్యపుస్తకములును పరీక్షలును శిష్టవ్యావహారికమునకు మారినవి. గిడుగువారి జన్మదినమగు ఆగస్టు 29 నేడు తెలుగు భాషాదినోత్సవము.

బిలాసపురమున, దాని చెంతనున్న బోద్రీలో కాపురముండు తెలుగు కుటుంబములకు ఈ కథ పరాయిది కాదు. గిడుగువారు పాఠములు చెప్పిన పర్లాకిమిడి 1936 నుండి ఒడిశాలో నున్నది. తెలుగు వెలుగు ఎల్లలకు లోబడినది కాదు. ఇచ్చటి మన పిల్లలు బడిలో హిందీని, ఆంగ్లమును నేర్చి, ఇంట తెలుగు పలుకుదురు. వారు తెలుగున నాలుగు పంక్తులు వ్రాసి చూపినపుడు ఒత్తులను, దీర్ఘములను తప్పక దిద్దుదము. కాని అంతకుముందు "ఏమి చెప్పదలచితివి? ఎందువలన?" అని అడుగుదము. ఆ రెండు ప్రశ్నలకు విలువ కలిగించుటకే ఆ పెద్దలు అంత పోరాడిరి.