స్త్రీ సమాజాలు – తీర్మానాల పుస్తకాలు

సబ్ ట్రెజరీలో జూనియర్ అకౌంటెంటుగా చేరిన రోజు నుంచి 1998లో పదవీ విరమణ చేసే రోజు వరకు నా జీవితమంతా రిజిష్టర్ల మధ్యనే గడిచింది. అందుకేనేమో, మన సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి "ప్రత్యేక సంచికకు మీ మహిళా మండలి గురించి ఏదైనా రాసివ్వండమ్మా" అన్నప్పుడు నా కళ్ళముందు మెదిలినవి మనుషుల కంటే ముందు మూడు పుస్తకాలు. అవి మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఎర్రగుడ్డలో చుట్టి ఉన్నాయి. ప్రభుత్వానివి కావు. 1974 నుంచి 1996 వరకు గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో మేము నడిపిన మండలి తీర్మానాల పుస్తకాలు. కథలు రాసేవాళ్ళు, పాటలు కట్టేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు, వీణ వాయించేవాళ్ళు, ఏమీ చేయకపోయినా వినడానికి వచ్చేవాళ్ళు అందరం కలిస్తే ముప్ఫైమందికి మించని మండలి. వాటి సంగతి తర్వాత చెబుతాను. మా ముందు తరాల వాళ్ళు ఇటువంటి సమాజాలు ఎలా నడిపారో చెప్పకుండా మా గొప్ప మేమే చెప్పుకోవడం న్యాయం కాదు.

మచిలీపట్నంలో 1902లో బృందావన స్త్రీ సమాజం ఏర్పడింది. స్థాపించినవారు బండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబగారు. తెలుగునాట స్త్రీలు తమకోసం తామే పెట్టుకున్న తొలి సమాజాల్లో దీన్ని చెబుతారు. ఆ కాలపు స్థితి ఒకసారి ఊహించండి. 1901 జనాభా లెక్కల ప్రకారం మద్రాసు రాజధానిలో చదవను రాయను వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరు కూడా కష్టమే. అటువంటి రోజుల్లో ఆడవాళ్ళు సమాజం పెట్టుకుని వ్యాసాలు చదువుకోవడమంటే మాటలు కాదు.

అచ్చమాంబగారు బడికి వెళ్ళి చదివిన మనిషి కాదు. 1874లో పుట్టారు. పదేళ్ళకే పెళ్ళయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నారు. తెలుగుతోపాటు హిందీ, మరాఠీ కూడా పట్టుబడ్డాయి. భర్త మాధవరావుగారు మధ్యపరగణాల్లో ఇంజనీరు కావడం వల్ల ఎక్కువకాలం తెలుగుదేశానికి దూరంగానే ఉన్నారు. పుట్టిన పిల్లలు దక్కలేదు. అయినా 1901 నాటికి "అబలా సచ్చరిత్ర రత్నమాల" అనే పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు మొదటి భాగం అచ్చువేశారు. కోస్తా ఊళ్ళు తిరిగి, సమాజాలు పెట్టుకోమని స్త్రీలను కూడగట్టారు. 1905 జనవరిలో, ముప్ఫై ఏళ్ళు దాటుతుండగానే, బిలాస్‌పూర్‌లో కన్నుమూశారు. ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బు తగిలిందంటారు.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఆవిడ జీవితం మనకు తెలుసు. ఆవిడ పెట్టిన సమాజంలో ఒక మామూలు బుధవారం మధ్యాహ్నం ఏం జరిగిందో తెలియదు. ఎంతమంది వచ్చారు, చందా ఎంత, ఎవరు వ్యాసం చదివారు, ఎవరు ఒప్పుకోలేదు? ట్రెజరీలో పనిచేసినదాన్ని కనుక నాకు ముందు ఆ ప్రశ్నలే వస్తాయి. వాటికి జవాబు ఉండవలసిన చోటు సమాజం పుస్తకం.

ఇప్పుడు మనకు దొరికేదంతా పత్రికల పుణ్యం. అదే 1902లో ఏలూరు నుంచి సత్తిరాజు సీతారామయ్యగారు "హిందూసుందరి" అనే నెలపత్రిక మొదలుపెట్టి, మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయి గార్లను సంపాదకులుగా పెట్టారు. తర్వాత ఆ పత్రిక కాకినాడ చేరింది. కాకినాడలోనే పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు "సావిత్రి" నడిపారు. ఆవిడ వితంతు వివాహాలకు వ్యతిరేకి. వీరేశలింగంగారి పక్షంవాళ్ళకూ ఆవిడకూ అక్షరాల్లో గట్టి పోరే సాగింది. నాకు ఆవిడ అభిప్రాయం నచ్చదు గాని, ఒక స్త్రీ పత్రిక పెట్టి, పేరున్న మగవాళ్ళతో ఢీకొని, తన మాట అచ్చులో నిలబెట్టుకోవడం మాత్రం నచ్చుతుంది. ఆడవాళ్ళు కలిస్తే ఒక్కమాట మీద ఉంటారని అనుకునేవాళ్ళు ఆ పాత సంచికలు చూడాలి.

సమాజానికీ పత్రికకూ మధ్య రాకపోకలు ఉండేవి. సమాజంలో ఉపన్యాసం అంటే ఇప్పటిలాగా మైకు ముందు నిలబడి ధారాళంగా మాట్లాడటం కాదు. చాలామంది ఇంటి దగ్గర రాసుకొచ్చి చదివేవారు. చదివిన కాగితం చేతిలో ఉండేది కాబట్టి దాన్ని పత్రికకు పంపడం తేలిక. అప్పట్లో పోస్టుకార్డు పావు అణా. ఆ పావు అణా లేకపోతే తెలుగు స్త్రీల సాహిత్యంలో ఎంత భాగం వంటింటి పొయ్యిలోకి పోయేదో!

పత్రికలో పడ్డదైనా భద్రంగా ఉందా అంటే అదీ లేదు. అచ్చమాంబగారి "ధనత్రయోదశి" కథ హిందూసుందరిలో 1902లోనే వచ్చింది. మనం బళ్ళో చదువుకున్నది మాత్రం 1910 నాటి గురజాడవారి "దిద్దుబాటు" తొలి కథ అని. పాత సంచికలు ఎక్కడెక్కడో చెదిరిపోవడంతో అచ్చమాంబగారి కథలు చాలాకాలం ఎవరికీ కనపడలేదు. పరిశోధకులు వెతికి తీసి, దొరికినవి 2010లో సంపుటిగా వేశారు. ఏది తొలికథ అన్న వాదులాట పండితులు చూసుకుంటారు. నూరేళ్ళు ఒక మనిషి రాత కనపడకుండా పోవడమే నన్ను బాధించే విషయం.

ఆ రోజుల్లో మా జిల్లాలోదే అయిన బాపట్లకు వస్తాను. కనుపర్తి వరలక్ష్మమ్మగారు (1896–1978) అక్కడ 1931లో స్త్రీ హితైషిణీ మండలి స్థాపించారు. ఆవిడ అప్పటికే పేరున్న రచయిత్రి. మద్రాసు నుంచి డాక్టర్ కేసరిగారు 1928లో ప్రారంభించిన "గృహలక్ష్మి"లో "శారద లేఖలు" రాస్తూ ఉండేవారు. శారద అనే ఆమె తన స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాల రూపంలో బాల్యవివాహాల చట్టం దగ్గర నుంచి ఖద్దరు దాకా అన్నీ అందులో వచ్చేవి. 1934లో గృహలక్ష్మివారు రచయిత్రులకు స్వర్ణకంకణం ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు మొదటి కంకణం ఆవిడ చేతికే తొడిగారు. అంత పేరున్న మనిషి సొంత ఊళ్ళో ఒక చిన్న మండలి పెట్టి పదిమంది ఇల్లాళ్ళను పోగుచేయాలని ఎందుకు అనుకున్నారు? నా ఉద్దేశం చెబుతాను. రాసేవాళ్ళకు పాఠకులు దూరాన ఎంతమంది ఉన్నా, రాసింది వినడానికి పక్కవీధిలో నలుగురు కావాలి. మా మండలిలో మేము తెలుసుకున్నది అదే.

హైదరాబాదు సంస్థానంలో పరిస్థితి వేరు. అక్కడ తెలుగులో సభ జరుపుకోవడమే ఒక పోరాటం. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు పక్కనే మహిళా సభ కూడా నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన జరిగింది. 1935లో హైదరాబాదులో ఆంధ్ర యువతీ మండలి ఏర్పడింది. ఇల్లిందల సరస్వతీదేవిగారి వంటివారు దానితో అనుబంధం ఉన్నవారే. "స్వర్ణకమలాలు" కథలకు ఆవిడకు 1982లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినప్పుడు మా మండలిలో మిఠాయి పంచుకున్నాం. ఖర్చు పన్నెండు రూపాయలు, ఓచరు ఉంది.

ఇక మా సంగతి. మండలి పెట్టాక మొదట వచ్చిన తగువు సిద్ధాంతాల మీద కాదు, వేళ మీద. నాలాంటి ఉద్యోగస్తులకు ఆదివారమే వీలు. ఇంటిపట్టున ఉండే సభ్యులకు ఆదివారం అసలు వీలుకాదు, ఆ రోజు మగవారు ఇంట్లో ఉంటారు, కాఫీలు టిఫిన్లు పొద్దస్తమానం సాగుతాయి. వాళ్ళకు పనిరోజు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మంచిది. ఏడు సమావేశాల్లో ఈ విషయమే చర్చకు వచ్చినట్టు మొదటి పుస్తకంలో ఉంది. చివరికి రెండో శనివారం మధ్యాహ్నం అని తేలింది. మాకు సెలవు, కొందరి భర్తలకు మాత్రం సెలవు కాదు! ఆ రోజు హాజరు ఎప్పుడూ బాగుండేది.

నెల చందా ఒక రూపాయి. రెండు జంపఖానాలు, ఒక హార్మోనియం, ఒక చెక్కబీరువా మా ఆస్తి. బీరువాలో ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారి "ఆంధ్ర కవయిత్రులు" ఉండేది. 1953లో ఆవిడ ఎందరో కవయిత్రుల వివరాలు సేకరించి వేసిన పుస్తకం అది. కె. రామలక్ష్మిగారు 1968లో తెచ్చిన రచయిత్రుల సమాచార సూచిక కూడా ఉండేది. మా సభ్యులు ఆ రెండూ తిరగేసి "మన ఊరివాళ్ళెవరూ లేరే" అనుకునేవారు. సూచికలో పేరెక్కాలంటే ముందు ఎక్కడో అచ్చు కావాలి కదా. ఆ లోటు తీర్చుకోవడానికే 1976లో లిఖిత పత్రిక మొదలుపెట్టాం. మూడు నెలలకొక సంచిక, ఒకే ప్రతి. మంచి దస్తూరీ ఉన్న ఒక టీచరమ్మ రాసేవారు, ముఖచిత్రం మరొకరు నీటిరంగులతో వేసేవారు. ఇంటింటికీ నాలుగు రోజుల చొప్పున తిరిగేది. పసుపు మరకలు, పాల చుక్కలు అంటకుండా ఒక్క సంచికా తిరిగి రాలేదు.

సంఘాల చట్టం కింద రిజిస్టరు చేయించమని కొందరు అన్నారు. నేనే వద్దన్నాను. ఏటా లెక్కలు దాఖలు చేయాలి, సర్వసభ్య సమావేశం పెట్టాలి, పదిమంది ఇల్లాళ్ళకు ఇదంతా ఎందుకని నా వాదన. ఇప్పుడు ఆలోచిస్తే తప్పుచేశానని అనిపిస్తుంది. 1996లో మేము సమావేశమయ్యే గదిని, ఇచ్చినవారే వారం గడువుతో ఖాళీ చేయమన్నారు. మా పేరున ఒక కాగితం ముక్క కూడా లేదు, అడగడానికి హక్కూ లేదు. అప్పటికే టీవీ సీరియళ్ళ వల్ల హాజరు పల్చబడింది. జంపఖానాలు ఒకరు, హార్మోనియం ఒకరు తీసుకువెళ్ళారు. బీరువా పుస్తకాలతో సహా ఒక సభ్యురాలి వసారాలో పెడితే ఆ వర్షాకాలంలో చెదలు పట్టింది. లిఖిత పత్రిక సంచికలు అందులోనే ఉన్నాయి. తీర్మానాల పుస్తకాలు మాత్రం లెక్కలు సరిచూడటానికని నా దగ్గర ఉండబట్టి మిగిలాయి.

కొన్నేళ్ళ క్రితం ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అమ్మాయంటే ఆమెకే యాభై దాటాయి. వాళ్ళ అమ్మగారు మా సభ్యురాలు, 1989లో పోయారు. "అమ్మ కథలు రాసేదట కదా పిన్నిగారూ, ఒక్కటైనా ఉందా?" అని అడిగింది. లేదు. ఆవిడ రాసిన పదకొండు కథలూ లిఖిత పత్రికకే ఇచ్చారు, బయటికి పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. నేను రెండో పుస్తకం తెరిచి, వాళ్ళమ్మ పేరున్న చోట్లన్నీ చూపించాను. ఒకచోట ఇలా ఉంది: కథ చదివినారు, హాజరు పద్నాలుగు, ముగింపు మరీ విషాదంగా ఉన్నదని కొందరు సభ్యులు అభిప్రాయపడగా రచయిత్రి మార్చుటకు అంగీకరించలేదు. ఆ అమ్మాయి ఆ వాక్యం మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తర్వాత నవ్వింది. "అమ్మ అంతేనండీ" అంది. ఆ పేజీ సెల్‌ఫోనుతో ఫొటో తీసుకుని వెళ్ళింది. కథ పేరు మాత్రం నేను రాయలేదు. ఆ రోజు మినిట్స్ రాసింది నేనే.

అప్పటి నుంచి మా మనవడు ఆదివారాలు వచ్చినప్పుడు మూడు పుస్తకాలూ పేజీ పేజీ ఫొటోలు తీస్తున్నాడు. రెండు పూర్తయ్యాయి. జిల్లా గ్రంథాలయంలో ఇద్దామనుకుంటే ఇటువంటివి తీసుకునే పద్ధతి తమకు లేదన్నారు. మరోచోట ప్రయత్నిస్తున్నాను. 1974కు ముందు మన ఊళ్ళలో నడిచిన స్త్రీ సమాజాల చందా పుస్తకాలు, ఆహ్వాన పత్రాలు, గ్రూపు ఫొటోలు, లిఖిత పత్రికలు మన సభ్యుల ఇళ్ళలో అటకల మీద ఉండకపోవు. పాత కాగితాలవాడికి వేసేముందు ఒకసారి సంఘం కార్యాలయానికి కబురు చేయండి. మొన్న లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన ఒకావిడ తమ అత్తగారి పెట్టెలో ఏదో నోటుపుస్తకం ఉందనీ, మీద వీణ బొమ్మ ఉందనీ చెప్పారు. మా ముఖచిత్రకారిణి వీణలు బాగా వేసేవారు. వచ్చే వారం వెళ్ళి చూడాలి.