ఒంటి ఊపిరితిత్తి శ్వాస: ఆక్సిజన్ మోతాదు చరిత్ర

ఛాతీని కోసి తెరిస్తే బయటి గాలి చొరబడి ఊపిరితిత్తి ముడుచుకుపోతుందన్న భయంతో, పొట్టను నిస్సంకోచంగా తెరిచిన పంతొమ్మిదో శతాబ్దపు శస్త్రవైద్యులు కూడా ఛాతీ జోలికి అరుదుగా వెళ్లేవారు. 1904లో బ్రెస్లావ్ నగరంలో ఫెర్డినాండ్ సావర్‌బ్రుక్ ఈ చిక్కుకు ఒక విడ్డూరమైన ఉపాయం చూపాడు: రోగి మొండెమూ శస్త్రవైద్యుడూ వాయుపీడనం తగ్గించిన గదిలో ఉండగా, రోగి తల మాత్రం గది బయట ఉండేది. శ్వాసనాళంలోకి గొట్టం పంపి ఒత్తిడితో గాలి అందించే సులువైన పద్ధతి రావడంతో ఆ గది మూలపడింది.

1931లో అమెరికాలో వైద్యులు గేల్, వాటర్స్, కోయవలసిన ఊపిరితిత్తిని కావాలనే ముడుచుకోనిచ్చి రెండోదానికే గాలి అందించే పద్ధతిని ప్రవేశపెట్టగా, 1949లో స్వీడన్‌కు చెందిన కార్లెన్స్ రెండు దారులున్న గొట్టాన్ని రూపొందించాడు. నిజానికి అది ఒక్కో ఊపిరితిత్తి పనితీరును విడిగా కొలవడానికి చేసిన పరికరమే అయినా, త్వరలోనే శస్త్రచికిత్సలకు అక్కరకు వచ్చింది. అయితే ముడుచుకున్న ఊపిరితిత్తిలోనూ రక్తం పారుతూనే ఉండి, ఆక్సిజన్ అందుకోకుండానే గుండెకు తిరిగి చేరుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు కుంచించుకుని రక్తాన్ని మళ్లిస్తాయని ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ 1946లో పిల్లులపై చేసిన ప్రయోగాలతో సూచించారు. ఈ సర్దుబాటు ఒక్కటే చాలదు కనుక, మత్తువైద్యులు దీర్ఘకాలం 100 శాతం ఆక్సిజన్‌నూ, కిలో బరువుకు సుమారు 10 మిల్లీలీటర్ల చొప్పున పెద్ద శ్వాసలనూ ఇస్తూ వచ్చారు.

వింత ఏమిటంటే, గాఢమైన ఆక్సిజన్‌ను ఎక్కువకాలం పీల్చిన జంతువుల ఊపిరితిత్తుల్లో శోథ, అంటే హాని తగిలినప్పుడు కణజాలం వాచి ద్రవం ఊరే స్థితి, కలుగుతుందని లోరైన్ స్మిత్ 1899లోనే ప్రకటించాడు. ఆ హెచ్చరికను పక్కన పెట్టడాన్ని నిర్లక్ష్యం అనడం న్యాయం కాదు. చర్మం నీలిబారేదాకా ప్రమాదం తెలియని కాలంలో అదనపు ఆక్సిజనే రోగికి రక్ష. వేలికి తగిలిస్తే రక్తంలోని ఆక్సిజన్ శాతం చెప్పే పల్స్ ఆక్సిమీటర్‌కు జపాన్ ఇంజినీరు అయోయాగి 1974లో పునాది వేసిన తర్వాతే పొదుపు సాధ్యమైంది.

అతిగా సాగిన ఊపిరితిత్తి శోథను ప్రేరేపించే రసాయనాలను విడుదల చేస్తుందనీ, ముడుచుకున్నది తిరిగి విచ్చుకున్నప్పుడు ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన అణువులు కణాల పొరలను దెబ్బతీస్తాయనీ తర్వాతి పరిశోధనలు తేల్చాయి. తీవ్ర శ్వాసవైఫల్య రోగులపై 2000లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, శ్వాస పరిమాణాన్ని కిలోకు 12 నుంచి 6 మిల్లీలీటర్లకు తగ్గించగా మరణాలు 39.8 నుంచి 31 శాతానికి తగ్గాయి. వారు శస్త్రచికిత్స బల్లపై ఉన్న రోగులు కాకపోయినా, ఛాతీ మత్తువైద్యం ఆ పాఠాన్ని స్వీకరించింది. నేడు ఒంటి ఊపిరితిత్తికి, ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 4 నుంచి 6 మిల్లీలీటర్లే ఇస్తూ, ఆక్సిజన్‌ను వీలైనంత తగ్గిస్తున్నారు. ఆరంభంలో మాత్రం 100 శాతం ఆక్సిజన్ ఇప్పటికీ వాడుకలో ఉంది. ఎందుకంటే నైట్రోజన్ కలవని వాయువు రక్తంలోకి త్వరగా ఇంకి, కోయవలసిన ఊపిరితిత్తి తొందరగా ముడుచుకుంటుంది.