భద్రత పేరుతో వేసిన గాలం

బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ ఈమెయిల్‌ను నమ్మి డబ్బు పోగొట్టుకున్నవారి గురించి వింటే, ముందు వారి అమాయకత్వాన్ని తప్పుపట్టడం మనకు అలవాటు. ఫిషింగ్ పుట్టుక చూస్తే ఆ తీర్పు నిలవదు. ఈ మోసంలో మొదటినుంచీ ఎరగా వేసింది భద్రతనే. 1990ల మధ్యలో 'అమెరికా ఆన్‌లైన్' అనే ఇంటర్నెట్ సేవల సంస్థ చందాదారులకు బిల్లింగ్ విభాగం పేరుతో సందేశాలు వచ్చేవి: ఖాతా సరిచూడాలి, పాస్‌వర్డ్ చెప్పండి అని. 'ఏఓహెల్' అనే ప్రోగ్రాం ఆ సందేశాలను వరసపెట్టి తానే పంపేది. చేపల వేటను చెప్పే ఇంగ్లిషు మాటలో 'ఎఫ్' తీసి 'పీహెచ్' పెడితే వచ్చిన పేరు 1996 జనవరి నాటి యూజ్‌నెట్ అనే ఆన్‌లైన్ చర్చావేదికలో కనిపిస్తుంది. ఆ అక్షరాలు అంతకుముందు టెలిఫోన్ వ్యవస్థల్లోకి చొరబడిన 'ఫ్రీకర్ల' నుంచి వచ్చాయి.

2001లో గాలం డబ్బు వైపు తిరిగింది. ఈ-గోల్డ్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ ఖాతాదారుల మీద జూన్‌లో మొదలైన ప్రయత్నం, సెప్టెంబర్ 11 దాడుల తర్వాత 'గుర్తింపు తనిఖీ' వేషం వేసుకుంది. 2003కి మామూలు బ్యాంకుల వంతు వచ్చింది. 2004 జనవరి నాటి మెయిల్ అయితే ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అమెరికాలో డిపాజిట్లకు బీమా ఇచ్చే ఎఫ్‌డీఐసీ పేరుతో అది వచ్చింది. ఉగ్రవాదాన్ని అడ్డుకునే పేట్రియాట్ చట్టాన్ని ఉల్లంఘించారన్న అనుమానంతో మీ ఖాతాకు బీమా ఆపేశాం, వివరాలిచ్చి నిరూపించుకోండి అని దాని సారాంశం. అందులో హోంల్యాండ్ సెక్యూరిటీ అధిపతి టామ్ రిడ్జ్ పేరును కూడా వాడుకున్నారు. మన సహకార పరపతి సంఘాల్లాంటి క్రెడిట్ యూనియన్ల సభ్యులకూ వాటి నియంత్రణ సంస్థ ఎన్‌సీయూఏ పేరుతో ఇలాంటివే వచ్చాయి. ఒక్కో యూనియన్‌కు ఒక్కో నకిలీ మెయిల్ రాయాలంటే శ్రమ. అందరి మీదా ఉన్న నియంత్రణ సంస్థ పేరు వాడితే ఒకే మెయిల్ ఏ సభ్యుడికైనా సరిపోతుంది.

పాస్‌వర్డ్ చేతులారా ఇచ్చింది ఖాతాదారే కదా, అవగాహన పెంచితే చాలదా అని అడగవచ్చు. మా సిబ్బంది ఎవరూ పాస్‌వర్డ్ అడగరని అమెరికా ఆన్‌లైన్ తన సందేశాల కిటికీలోనే హెచ్చరిక పెట్టింది, మోసం ఆగలేదు. ఈమెయిల్‌లో లోపం ఇంకా లోతైనది: 1982లో రూపొందిన దాని నియమాల్లో పంపినవారెవరో తేల్చే ఏర్పాటే లేదు. పోస్టు కవరు మీద 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాయగలిగినట్టే ఇదీ. ఓటీపీలాంటి రెండో తాళం దొంగిలించిన పాస్‌వర్డ్‌ను ఒంటరిగా పనికిరాకుండా చేసింది, నిజమే. కానీ 2006లోనే సిటీబ్యాంక్ వ్యాపార ఖాతాదారులకు ఎదురైన నకిలీ సైటు, వారు కొట్టిన టోకెన్ (క్షణక్షణం మారే కోడ్ చూపే చిన్న పరికరం) అంకెలను అప్పటికప్పుడు అసలు సైటుకు చేరవేసింది. తాళాలన్నీ ఖాతాదారు ఎవరో బ్యాంకుకు చెప్పేవే. బ్యాంకు ఎవరో ఖాతాదారుకు చెప్పే ఏర్పాటు ఏళ్ల తరబడి వెనకబడిపోయింది. అందుకే 2025లో రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకుల సైట్లన్నిటినీ 'బ్యాంక్ డాట్ ఇన్' కిందికి రమ్మని అక్టోబర్ 31 గడువు పెట్టడం నాకు సరైన దిశగా కనిపిస్తుంది. ఆ పేర్లు కేటాయించే బాధ్యత హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీది. అర్హత ఉన్న బ్యాంకుకే ఆ చిరునామా దక్కుతుంది కాబట్టి, అచ్చం బ్యాంకు పేరులా కనిపించే మరో పేరు కొనడం ఇకపై దొంగకు సరిపోదు. ఫోన్ తెరమీద చిరునామా దాగి పంపినవారి పేరొక్కటే కనబడినంత కాలం మాత్రం ఆ రక్షణ సగమే.