శాకాహారమును హృదయారోగ్యమును: మన సీమ చరిత్రము చెప్పు సాక్ష్యము



హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు రాజమార్గమున, శంషాబాదు చేరువను, తొండుపల్లి గ్రామము కలదు. 2008వ సంవత్సరము మార్చి నెలలో విమానాశ్రయము తెఱువబడిన పిదప ఈ సీమ రూపమే మాఱినది. జొన్నయు కందియు పండిన మెట్టచేలు పెక్కు ఇండ్లస్థలములైనవి. చేలతోపాటు విస్తరియు మాఱినది. మన పెద్దలు జొన్నరొట్టె, అంబలి, పప్పు, ఆకుకూర, మజ్జిగలతో కడుపు నింపుకొని ప్రొద్దంతయు చేలలో శ్రమించిరి. మనమో తెల్లని వరియన్నము, నూనెలో వేగిన పిండివంటలు, చక్కెర పోసిన తేనీరు సేవించుచు కుర్చీలలో దినము గడుపుచున్నాము. అయినను, మాంసము ముట్టనివానికి స్థూలకాయము గాని గుండెజబ్బు గాని రాదను ధీమా మనలో పెక్కురకు కలదు. ఇది ఎంతవఱకు నిజమో చరిత్రమునే అడిగి చూతము.

1918లో నీలగిరులయందలి కూనూరులో రాబర్టు మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని విచారించుటకు ఒక చిన్న పరిశోధనశాలను ప్రారంభించెను. కాళ్లు చచ్చుబడుట, ఒడలు నీరుపట్టుట, తుదకు గుండె సోలిపోవుట ఈ వ్యాధి లక్షణములు. నాడు ఇది ఉత్తర సర్కారుల తెలుగువారిని మిక్కిలి పీడించెను. మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యమే అచ్చట ముఖ్యాహారము. తవుడుతోపాటు బి-1 విటమినును పోవుచుండెను. ఉప్పుడు బియ్యము తినువారిలో ఈ వ్యాధి అరుదు. అనగా ఇచ్చట గుండెను చెఱచినది మాంసము కాదు. సారము పోగొట్టిన ధాన్యమే.

ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చెను. 1960లో గోపాలన్, శ్రీకంటియా అను శాస్త్రజ్ఞులు దక్కను పీఠభూమిలో జొన్నలే ప్రధానముగా తిను పేదలలో కనబడు పెల్లాగ్రా అను వ్యాధిని గూర్చి వ్రాసిరి. కావున జొన్న యొక్కటియే అమృతమనుటయు సరికాదు. పప్పు, కూర, పాలు తోడైననే ధాన్యము పూర్ణాహారమగును.

మన జిల్లావారికి మఱింత సమీపమైన సాక్ష్య మొకటి కలదు. 1987 మొదలు 1990 వఱకు ఈ సంస్థవారు హైదరాబాదు సమీపమున, నాటి రంగారెడ్డి జిల్లాలో, 29 గ్రామములలో ఒక పరీక్ష జరిపిరి. 15 గ్రామములలో గర్భిణులకును ఆఱేండ్లలోపు శిశువులకును మొక్కజొన్న, సోయా పిండితోను సోయా నూనెతోను వండిన ఉప్మాను ప్రతిదినము పెట్టిరి; తక్కిన 14 గ్రామములలో నాడు ఆ యేర్పాటు లేదు. సుమారు పదునైదేండ్ల పిమ్మట 1165 మంది బాలబాలికలను మఱల పరీక్షించి, ఫలితములను 2008లో ప్రకటించిరి. ఉప్మా అందిన గ్రామముల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడవెక్కువ. క్రొవ్వు మాత్రము ఎక్కువ లేదు. ఇన్సులిను నిరోధము వారిలో 20 శాతము తక్కువ. ధమనుల బిగువును కొంత తక్కువ. రక్తపోటులో మాత్రము చెప్పదగిన భేదము కానరాలేదు. ఇది శాకము మాంసమును గెలిచెననుటకు సాక్ష్యము కాదు. తల్లిగర్భమునందే, శైశవమునందే అందిన సామాన్యమైన శాకభోజనము యౌవనమునందలి గుండెను కాపాడవచ్చునని మాత్రము ఇది చూపుచున్నది.

బ్రిటనులో 48 వేలమందిని సుమారు పదునెనిమిదేండ్లు గమనించి 2019లో ప్రకటించిన పరిశీలనలో, శాకాహారులకు గుండెజబ్బు 22 శాతము తక్కువగా కనబడెను. అయితే మెదడుపోటు 20 శాతము ఎక్కువయ్యెను. లాభమున్నది, కాని నిశ్చింత లేదు. మొక్కలలో లభింపని బి-12 విటమినుకై శాకాహారులు పాలు, పెరుగు మఱువరాదు. పాలును మానినవారు వైద్యుని సలహాపై మందురూపమున దానిని గ్రహింపవలయును.

2024లో జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన సూచనలలో, ధాన్యములనుండి లభించు శక్తి మొత్తములో 45 శాతము మించరాదని యున్నది. మన విస్తరులలో అన్నపురాశి ఎంతయో, పప్పు, కూరలు ఎంతయో ఎవరికి వారు చూచుకొనవచ్చును.

కావున మహాశయులారా! మహాసభల విందులలో పిండివంటల సంఖ్యయే ఘనత కాకుండుగాక. దంపుడు బియ్యము, జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, మజ్జిగ మన పంక్తులలోను, మన విద్యార్థుల వసతిగృహములలోను మఱల చోటు పొందుగాక. గర్భిణులకు నిండుభోజనము పెట్టుట దానములలో మేటిగా పోషకులు ఎంచుదురుగాక. అమ్ముడుపోయిన చేలు తిరిగి రావు. ఆ చేల తిండి మాత్రము రేపటి వంటతోనే మన యింటికి తిరిగి రాగలదు.